గడప దాటని రాజ్యాంగము

సాహిత్యపత్రికలో కోర్టు తీర్పును విమర్శించుట యేమని చదువరులలో కొందరు ఆశ్చర్యపడవచ్చును. కావ్యము రుచింపనిచో మూసి పక్కన పెట్టవచ్చును. తీర్పు రుచింపకపోయినను దానికి లోబడియే బ్రతుకవలసి యుండును. కావున తీర్పును కావ్యముకంటె జాగ్రత్తగా చదువవలసి యున్నది. మన దేశమున నట్లు జరుగుట లేదు. వకీళ్లు తమకు పనికివచ్చు వాక్యమును వెదకికొందురు. కక్షిదారులు గెలుపోటములు మాత్రము విందురు. తక్కినవారు దినపత్రికలో నాలుగు పంక్తులు చూచి ఊరకుందురు. రాజ్యాంగము 141వ అధికరణము ప్రకారము సుప్రీము కోర్టు ప్రకటించిన న్యాయసూత్రము దేశమందలి సమస్త న్యాయస్థానములకును శిరోధార్యము. ఢిల్లీలో ఇద్దరు న్యాయమూర్తులు వ్రాసిన కొలది పేరాలు కదిరిలోనో, పెనుకొండలోనో కోర్టు వరండాలో కూర్చుండిన స్త్రీ బ్రతుకును నిర్ణయింపగలవు. అట్టి కొలది పేరాలను గూర్చియే యీ వ్యాసము.

మాది తలుపుల. 1910వ సంవత్సరము వరకు మా కదిరి తాలూకా కడప జిల్లాలో నుండెను. ఆ యేడు దానిని అనంతపురము జిల్లాలో జేర్చిరి. 2022లో శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడినప్పుడు మే మందు చేరితిమి. జిల్లాలు మారినను కడపతో మాకు పిల్ల నిచ్చుట, పిల్లను దెచ్చుట మానలేదు. కడప యనగా గడపయే యని పెద్దలు చెప్పుదురు. మా యూరి పేరులో తలుపు వినబడును, పొరుగు జిల్లా పేరులో గడప వినబడును. నేను చెప్పబోవు తగవు ఆ కడప కోర్టులోనే పుట్టినది. ఇంటి తలుపును తీయుటకును మూయుటకును అధికార మెవరిది? రాజ్యాంగము ఆ గడప దాటి లోపలికి రావచ్చునా, రాగూడదా? ఇదియే అందలి ప్రశ్న.

మన యిండ్లలో ఆడపిల్ల అత్తవారింటినుండి తిరిగివచ్చినచో మొదట జరుగునది పంచాయితీ. పెద్దమనుష్యులు అరుగుమీద గూర్చుందురు. ఆ పిల్ల తలుపు చాటున నిలువబడును. ఆమె నెవ్వరును అడుగరు. ఆమె తండ్రిని అడుగుదురు. ఇరువైపుల వారిని మందలించి, మంచిరోజు చూచి కాపురమునకు పంపుమని తేల్చుదురు. ఈ మాటలలో దుర్బుద్ధి యుండనక్కరలేదు. సంసారము నిలువవలెనను కోరికయే యుండవచ్చును. అయినను పోవలసినది ఆ పిల్ల. అచట పండుకొనవలసినదియు, లేవవలసినదియు, బిడ్డను కనవలసినదియు ఆ పిల్లయే. ఆమెకు ఇష్టము కలదా యను ప్రశ్న మాత్రము ఆ అరుగుమీదికి రాదు.

పెద్దమనుష్యుల మాట చెల్లనిచోట చట్టము వచ్చును. 1955వ సంవత్సరపు హిందూ వివాహచట్టములో 9వ సెక్షను కలదు. భార్యాభర్తలలో ఒకరు తగిన కారణము లేక రెండవవారి సాహచర్యమునుండి తొలగిపోయినచో, ఆ రెండవవారు కోర్టుకు పోయి, తొలగినవారు మరల కాపురమునకు రావలెనని డిక్రీ పొందవచ్చును. దీనికి దాంపత్యహక్కుల పునరుద్ధరణ మని పేరు. కారణము కలదని ఋజువు చేయు భారము తొలగినవారిదే యని 1976 సవరణలో స్పష్టముగా చేర్చిరి. డిక్రీని ధిక్కరించినవారి ఆస్తిని జప్తు చేయవచ్చును. డిక్రీ పిమ్మట ఒక యేడు గడచినను కాపురము సాగనిచో ఇరువురిలో నెవరైనను విడాకులు కోరవచ్చును. ఒక్క డిక్రీ ఒకవైపు కలుపుదునని చెప్పుచు, మరియొకవైపు విడిపోవుటకు దారి తీయుచున్న దనుమాట చదువరులు జ్ఞాపకమందుంచుకొందురు గాక.

ఈ సెక్షను క్రింద కడప సబుకోర్టులో 1981లో ఒక దావా దాఖలైనది. ప్రతివాది సరిత యను చలనచిత్రనటి. 1975లో తిరుపతిలో వివాహము జరిగెనని చెప్పబడిన నాటికి ఆమె పదునారేండ్ల బడిపిల్ల. వివాహమైన కొలదికాలమునకే యిరువురును వేరై, అయిదేండ్లకు పైగా ఎవరిదారిని వారుండిరి. పిమ్మట భర్త యామెను కాపురమునకు పంపింపుమని కోర్టు నడిగెను. ఈ కేసును విచారించు అధికారము కడప కోర్టునకు లేదని ఆమె చేసిన ఆక్షేపణ అచట నెగ్గలేదు. అందుపై ఆమె హైదరాబాదులోని ఆంధ్రప్రదేశ్ హైకోర్టున కెక్కెను. అచట న్యాయవాదులు మరియొక పెద్ద ప్రశ్న లేవనెత్తిరి: ఈ 9వ సెక్షనే రాజ్యాంగవిరుద్ధము గదా యని.

1983 జూలైలో జస్టిస్ పి. ఏ. చౌదరి ఆ ప్రశ్నకు అవునని సమాధానము చెప్పెను. ఆ సెక్షను సమానత్వమును గూర్చిన 14వ అధికరణమునకును, ప్రాణమును వ్యక్తిస్వేచ్ఛను రక్షించు 21వ అధికరణమునకును విరుద్ధమని కొట్టివేసి, కడప కోర్టు ఆ దావాను విచారింపరాదని ఆజ్ఞాపించెను. తరువాత 1987లో, ఉద్యానవనమునకై ఉంచిన భూమిని ఇండ్లకై వాడుటను అడ్డుకొనుచు, మంచి పరిసరములు కూడ 21వ అధికరణములోని జీవితములో భాగమే యని చెప్పినవాడును ఈయనయే. జీవించుట యనగా ఊపిరి పీల్చుట మాత్రమే కాదని ఆయన దృఢవిశ్వాసము.

ఆయన తీర్పులోని ప్రధానయుక్తి సామాన్యులకును అందునట్టిది. కాపురమునకు పొమ్మని కోర్టు ఆజ్ఞాపించినపుడు, పురుషుని పక్కన స్త్రీ యెప్పుడుండవలెను, ఉండగూడదు అను నిర్ణయము ఆమె చేతినుండి ప్రభుత్వముచేతికి పోవుచున్నది. తన దేహము తల్లి కావలెనా వలదా యని తలచుకొను హక్కు ఆమెకు మిగులుట లేదు. మనుష్యునకు ఇంతకంటె స్వంతమైన విషయము మరియొకటి లేదు. దానిని బలవంతపెట్టుట అనాగరికమని ఆయన నిర్మొగమాటముగా వ్రాసెను. సెక్షనులో భార్య యనియు భర్త యనియు భేదము లేదుగదా యను వాదమునకు కూడ ఆయన జవాబు చెప్పెను. డిక్రీ యెవరిపై వచ్చినను భర్త జీవితము ఇంచుమించు మునుపటివలెనే యుండును; భార్య జీవితము గర్భముతో, బిడ్డతో మారిపోవును. అసమానులపై సమానముగా వ్రాసిన చట్టము సమానత్వము కాదు. మగ్గముపై కూర్చుండు ధర్మవరపు నేతకత్తెను అడిగినను ఈ మాట నిజమే యనును.

ఆ తీర్పులో లోపములు లేకపోలేదు. గోప్యతాహక్కును నిలబెట్టుటకు ఆయన అమెరికా తీర్పుల నెక్కువగా ఆశ్రయించెను. విదేశపు ఊతకర్రను ప్రతిపక్షులు సులభముగా లాగివేయగలరు. భర్త విడిచిపెట్టగా నిలువనీడ కోరి యీ సెక్షనునే పట్టుకొని కోర్టుకు పోవు దిక్కులేని భార్యల సంగతిని ఆయన తగినంతగా తడవలేదు. ఆ స్త్రీలకు ఈ దారి మూసినచో ఏ దారి తెరువవలెనో చెప్పలేదు. ఇది చిన్నలోపము కాదు. అయినను ఆయన మొదట అడుగవలసిన ప్రశ్నను మొదట అడిగెను. మా అరుగుమీద ఎవ్వరును అడుగని ప్రశ్నయే యది.

ఈ సెక్షను మన ధర్మశాస్త్రములలోనిదని చాలమంది భ్రమపడుచున్నారు. ఇది ఇంగ్లాండులో క్రైస్తవ మతన్యాయస్థానములలో పుట్టి, అచ్చటి న్యాయమూర్తులతో గూడ ఓడ యెక్కి వచ్చినది. 1867లో ఒక మహమ్మదీయ దంపతుల వ్యాజ్యములో అప్పటి మన అత్యున్నత న్యాయస్థానమైన ప్రీవీ కౌన్సిలు ఇట్టి దావాలు భారతదేశపు కోర్టులలో చెల్లునని తేల్చెను. అటుపిమ్మట హిందువులకును అదియే దారియైనది. ఎవ్వరి శాస్త్రమును కోరని యొక నియమము అత్యున్నత న్యాయస్థానపు నోట వెలువడి దేశాచారమువలె పాదుకొన్న విధ మిట్టిది.

రఖమాబాయి కథ మన సంస్కర్తలు మరువగూడనిది. పదునొకండేండ్ల వయస్సున పెండ్లియై, పుట్టినింటనే చదువుకొని పెరిగిన ఆమెను భర్త కాపురమునకు రమ్మనెను. ఆమె నిరాకరించెను. 1885లో బొంబాయి హైకోర్టులో జస్టిస్ పిన్హే ఆమె పక్షమున తీర్పు చెప్పెను. ఇష్టములేని స్త్రీని పురుషునికి అప్పగించుట క్రూరమనెను. 1886లో అప్పీలులో ఆ తీర్పు తిరగబడెను. 1887లో కాపురమునకు పొమ్ము, లేదా ఆరునెలలు చెరసాలకు పొమ్మని ఆజ్ఞ వచ్చెను. చెరసాలకే పోదునని ఆమె చెప్పెను. తిలకు మున్నగు పెద్దలు ఆమెను నిందించిరి. 1888లో భర్తకు రెండువేల రూపాయలిచ్చి రాజీ చేసికొనిన పిమ్మట ఆమె ఇంగ్లాండు పోయి వైద్యవిద్య ముగించి, తిరిగివచ్చి సూరతు, రాజకోటలలో ఆడవారికి వైద్యురాలై చిరకాలము పనిచేసెను. ఆమెను చెరసాలకు పంపుదుమనిన ఇంగ్లీషువారు తమ దేశమున అట్టి శిక్షను 1884లోనే తొలగించియుండిరి. మనకు ఆ చెర 1923 వరకు తప్పలేదు. 1970లో వారు ఈ దావానే రద్దు చేసికొనిరి. ఇచ్చినవారు పారవేసిన వస్తువును పుచ్చుకొన్నవారు మన సంస్కృతి యని దాచుకొనుచున్నారు.

కడప కేసు తీర్పు వెలువడిన నాలుగు నెలలకే, 1983 నవంబరులో, ఢిల్లీ హైకోర్టులో జస్టిస్ రోహత్గీ దానికి విరుద్ధముగా తీర్పు చెప్పెను. ఇంటిలోనికి రాజ్యాంగమును తెచ్చుట గాజుసామానుల అంగడిలోనికి ఎద్దును తోలుటవంటిదని ఆయన ఉపమించెను. ఉపమానము జనుల నోళ్లలో నాటుకొనునట్టిదే. విమర్శకుడు మాత్రము ఒక ప్రశ్న యడుగవలెను. ఆ అంగడిలో కాపురమునకు పొమ్మను డిక్రీని పట్టుకొని ముందుగా ప్రవేశించిన దెవరు? కోర్టు అమీను ఇంటి తలుపు తట్టినప్పుడు పగులని గాజు, ఆ యింటి స్త్రీ రాజ్యాంగమును చేతబట్టినప్పుడు మాత్రము పగులునా? ప్రభుత్వము ఇంటిలోనికి రాకూడదనిన మొదట బయటికి పంపవలసినది 9వ సెక్షనునే. చట్టమును లోపల నుంచి హక్కును వాకిట నిలబెట్టుట కుటుంబరక్షణము కాదు.

పిమ్మట సుప్రీము కోర్టు వంతు వచ్చినది. 1984 ఆగస్టు 8వ తేదీన జస్టిస్ ఫజల్ అలీ, జస్టిస్ సవ్యసాచి ముఖర్జీలు కూర్చుండిన ధర్మాసనము సరోజరాణి కేసులో తీర్పు చెప్పెను. ఇది పంజాబులోని జలంధరునందు పుట్టిన వ్యాజ్యము. కడప వ్యాజ్యము ఆ ధర్మాసనము ముందు అప్పీలుగా రాలేదు. అయినను వేరొక దంపతుల తగవును తీర్చుచు, మధ్యలో, మన హైకోర్టు విస్తారముగా చర్చించిన ప్రశ్నను కొలది పేరాలలో ముగించి, చౌదరి తీర్పు సరికాదనిరి. వారి యుక్తులు మూడు. భార్యాభర్తల సాహచర్యహక్కు వివాహములోనే యున్నది గాని చట్టము పుట్టించినది కాదు. డిక్రీని ధిక్కరించినచో ఆస్తి జప్తు తప్ప దేహమునకు శిక్ష లేదు. తగిన కారణముండిన డిక్రీ రాదు గనుక రక్షణయు గలదు. సంసారము విచ్ఛిన్నము కాకుండ నిలుపుటకు ఈ డిక్రీ సాధనము. కావున దీనికి సాంఘికప్రయోజనము గలదు.

మొదటి యుక్తిని పరీక్షింతము. సాహచర్యము వివాహములో నున్నదనుట సత్యము. అయితే ప్రేమయు, విశ్వాసమును, ఒకరినొకరు ఓదార్చుకొనుటయు కూడ వివాహములోనే యున్నవి. వానిని డిక్రీవలన ఇప్పింపగలమా? ఇష్టమువలన విలువ గల వస్తువు నిర్బంధమువలన వచ్చినచో ఆ వస్తువే మిగులదు. సాహచర్యము వివాహధర్మ మగుట వేరు, దానిని ప్రభుత్వము వసూలు చేయుట వేరు. సుప్రీము కోర్టు ఒకదానినుండి రెండవదానికి తీసిన దారి ఆ తీర్పులో కానరాదు.

రెండవ యుక్తి ఆస్తిజప్తును గూర్చినది. చెర లేదుగనుక నిర్బంధము లేదనిరి. మన పల్లెలలో పేరున సెంటు భూమి లేని స్త్రీకి జప్తుభయము లేదనుట నిజమే. ఆమెకు ఆ డిక్రీ కాగితము. ఈ జప్తు ఎవరికి తగులును? హిందూపురమునందు బట్టల మిల్లులో కూలి చేసి నాలుగు రూపాయలు కూడబెట్టుకొన్న స్త్రీకి, ఉపాధ్యాయినికి, తన పేర ఇల్లు కట్టుకొన్న ఉద్యోగినికి తగులును. ఏ స్త్రీ తన కాళ్లపై నిలువగలిగినదో ఆమెపైననే ఈ శిక్ష పనిచేయును. చదువుకొనుడు, సంపాదించుకొనుడు, స్వతంత్రులగుడని సంస్కర్తలు నూరేండ్లుగా ఆడపిల్లలకు చెప్పుచున్నారు. చెప్పినట్లు చేసినదానికి ప్రతిఫల మిదియా? ఇక తగిన కారణమను రక్షణ. దాని ఋజువుభారము తొలగినవారిదని పైన చెప్పితిని. నాలుగు గోడల నడుమ జరిగినదానికి సాక్షుల నామె యెక్కడనుండి తెచ్చును? అన్నిటికంటె ముఖ్యముగా, ఇష్టము లేదనుట యొక్కటే తగిన కారణముగా ఏల యెంచరాదో ఆ తీర్పు చెప్పదు.

మూడవ యుక్తికి ప్రత్యుత్తరము ఆ వ్యాజ్యములోనే యున్నది. నన్ను మిక్కిలి ఆశ్చర్యపరచునది యిదియే. సరోజరాణి కేసులో 9వ సెక్షను క్రింద కోర్టుకు వచ్చినది భార్య. తన్ను ఇంటిలో నుంచుకొనుమని ఆమె 1977లో భర్తపై దావా వేసెను. భర్త ఎదురాడక ఒప్పుకొనెను. 1978 మార్చిలో డిక్రీ పుట్టెను. పిమ్మట ఆమెను తీసికొనిపోయి దిగవిడువగా రెండు దినములుంచుకొని మరల వెళ్లగొట్టెనని ఆమె వాదించెను. ఆ వాదము నిలువలేదు. 1979 ఏప్రిలులో, అనగా ఒక యేడు దాటగానే, కాపురము సాగలేదు గనుక విడాకులిప్పింపుడని భర్తయే కోర్టుకు వచ్చెను. హైకోర్టు ఇచ్చెను, సుప్రీము కోర్టు స్థిరపరచెను. కలిసియుండవలెనని వేడుకొన్న భార్య తాను తెచ్చుకొన్న డిక్రీవలననే విడాకులు పొందెను! ఈ డిక్రీ సంసారములను నిలుపునని ఏ తీర్పు చెప్పుచున్నదో ఆ తీర్పే ఒక సంసారమును ఆ డిక్రీ చేతనే ముగించినది. కథ యొకటి చెప్పి దానికి విరుద్ధమైన నీతిని క్రింద వ్రాసినచో బడిపిల్లవాడైనను ఒప్పుకొనడు.

ఇచట ప్రతిపక్షమునకు న్యాయము చేయవలెను. ఆ సరోజరాణివంటి స్త్రీలు వేలమంది గలరు. వారు భర్తను బలవంతపెట్టవలెనని కోర్టుకు పోరు. తిండికిని, నీడకును, బిడ్డల తండ్రి పేరునకును పోదురు. 9వ సెక్షనును తీసివేసినచో వారి గతి యేమను ప్రశ్నను తేలికగా త్రోసివేయరాదు. చౌదరి తీర్పులో నేను చూపిన కొరత ఇదియే. నేడు ఆ కొరతకు మందు కలదు. 2005వ సంవత్సరపు గృహహింసానిరోధక చట్టము 17వ సెక్షను, భార్యకు తాను కాపురమున్న యింటిలో నివసించు హక్కు నిచ్చినది. ఆ యిల్లు ఆమె పేర లేకపోయినను ఇచ్చినది. భరణమునకు వేరే చట్టములు గలవు. నీడకు నీడ, కూటికి కూడు అడుగుటకు దారు లున్నప్పుడు, వానికై పురుషుని పడక నడుగుమని స్త్రీని ఏల పంపవలెను? ఇల్లు వేరు, పడక వేరు. ఈ రెండింటిని ముడివేయుటయే 9వ సెక్షనులోని మూలదోషము.

సుప్రీము కోర్టు నిత్యము తప్పు చేయునని నా యభిప్రాయము కాదు. తన తప్పును తాను దిద్దుకొనుటలో ఆ న్యాయస్థానమునకు గల గొప్పతనమును కాదనువాడు కృతఘ్నుడు. 1954లోను 1962లోను గోప్యత ప్రాథమికహక్కు కాదన్నట్లు పలికిన తన మాటలను, 2017 ఆగస్టు 24వ తేదీన పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకకంఠముగా త్రోసిపుచ్చిరి. దేహమును గూర్చియు, సంసారమును గూర్చియు, సంతానమును గూర్చియు స్వయముగా నిర్ణయించుకొనుట మనుష్యగౌరవములో భాగమనిరి. 1983లో మన హైకోర్టు న్యాయమూర్తి విదేశపు ఊతకర్రతో ఎక్కిన మెట్టునకు ముప్పదినాలుగేండ్ల పిమ్మట స్వదేశపు రాతిబాట ఏర్పడినది. 2018లో వ్యభిచారమును నేరముగా చూచు పాత సెక్షను, భార్యను భర్త సొత్తుగా నెంచుచున్నదని దానిని కొట్టివేసిరి. ఆ సెక్షను చెల్లునని 1985లో చెప్పిన తీర్పు జస్టిస్ వై. వి. చంద్రచూడ్ వ్రాసినది, 2018 ధర్మాసనములో ఆయన కుమారుడే కూర్చుండెను. తండ్రి మాటను కుమారుడు న్యాయముకొరకు కాదనగలిగిన దేశములో 1984 తీర్పు మాత్రము ఏల కదలరానిది కావలెను?

ఆ ప్రశ్నను అడిగినవారు లేకపోలేదు. మహిళల స్థితిగతులపై ఏర్పడిన ఉన్నతస్థాయి సంఘము ఈ సెక్షనును తొలగింపుమని 2015లో చెప్పెను. న్యాయసంఘము 2018లో ఆ మాటను బలపరచెను. గుజరాతులోని న్యాయవిద్యార్థులు 2019లో ఈ సెక్షనును ప్రశ్నించుచు సుప్రీము కోర్టునే ఆశ్రయించిరి. 2025 జనవరిలో ఆ కోర్టు మరియొక వ్యాజ్యమున ఒక ముఖ్యమైన మాట చెప్పెను: కాపురమునకు రమ్మని భర్త డిక్రీ పొందినను, భార్య దానిని పాటింపలేదన్నంతమాత్రమున ఆమె భరణము పోదు, ఆమె కారణములను వేరుగా విచారింపవలెను. ఆ తీర్పు చెప్పిన ఇద్దరిలో జస్టిస్ సంజయ్ కుమార్ మన హైదరాబాదు హైకోర్టున వకీలుగాను న్యాయమూర్తిగాను పనిచేసినవారు. ఈ తీర్పు డిక్రీ కోరలలో నొకదానిని పెరికినది. కోర యొకటి పెరికినంతమాత్రమున పాము పోలేదు. మరియు, 2024 జూలై 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయసంహితలో కూడ, పెద్దవయస్సు వచ్చిన భార్యను భర్త బలాత్కరించుట మానభంగము కాదను పాత మినహాయింపును 63వ సెక్షనులో నిలుపుకొనిరి. ఈ మినహాయింపును 9వ సెక్షనును పక్కపక్కన పెట్టి చదువుడు. ఒకటి ఇష్టములేని స్త్రీని ఇంటిలోనికి పంపును. రెండవది లోపలినుండి గడియ వేయును.

రెండు తీర్పులను వచనములుగా పోల్చినచో నాకు తోచిన భేద మిది. చౌదరి తీర్పు ఆవేశము గలది, విస్తారమైనది, అచ్చటచ్చట అతిశయించినది. కాని అందులో ఒక మనిషి కనబడును. ఆమె వయస్సు, ఆమె చదువు, ఆమె యొంటరిగా గడపిన యేండ్లు కనబడును. సుప్రీము కోర్టు తీర్పు నిదానమైనది, సంప్రదాయబద్ధమైనది. అందులో వివాహమను వ్యవస్థ కనబడును, మనిషి కనబడదు. వ్యవస్థను చూచుట పాలకుల పని. పౌరహక్కులు వ్రాసికొన్నదే వ్యవస్థయెదుట ఒంటరిగా నిలుచు మనిషికొరకు. అత్యున్నత న్యాయస్థానము ఆ మనిషిని చూడనిచో చూచుటకు ఆమెకు మరియొక న్యాయస్థానము లేదు.

ఇందుకు రెండు పనులు కావలెను. 1984 తీర్పును పెద్దధర్మాసనము పునఃపరిశీలించుట యొకటి. పార్లమెంటు స్వయముగా ఆ సెక్షనును తొలగించుట రెండవది. రెండవదియే మేలు. 1955లో లోకసభలో ఈ నియమము ప్రవేశించునప్పుడే సభ్యులు కొందరు దీనిని అసహ్యించుకొనిరి. వారి మాట నాడు చెల్లలేదు. వివాహచట్టము ఒక మతమువారికే లేదు గనుక, తక్కిన మతములవారి చట్టములలోను, మతభేదము లేని 1954వ సంవత్సరపు ప్రత్యేకవివాహచట్టము 22వ సెక్షనులోను ఉన్న ఇదే డిక్రీ కూడ దీనితోనే పోవలెను.

ఈ పనులు ఢిల్లీలో జరుగవలసినవి. మన యిండ్లలో జరుగవలసిన పని యొకటి మిగిలియున్నది. దానికి పార్లమెంటు అక్కరలేదు. ఈ వ్యాసమును చదువు తల్లులకును తండ్రులకును నా మనవి యిది. మీ అమ్మాయి పెట్టె చేతబట్టుకొని వాకిట నిలిచిననాడు, మంచిరోజు ఎప్పుడని పంచాంగము విప్పుటకు ముందు, పెద్దమనుష్యులకు కబురు పంపుటకు ముందు, ఆమెను లోపలికి పిలిచి అన్నము పెట్టి, పోవుటకు నీకిష్టమా తల్లీ యని యడుగుడు. ఆమె చెప్పు జవాబును పూర్తిగా వినుడు. జస్టిస్ చౌదరి కడపనుండి వచ్చిన కాగితములను ముందుంచుకొని అడిగినది ఆ ప్రశ్నయే. సుప్రీము కోర్టు దానిని మరల అడుగువరకు మనము అడుగకుండుటకు కారణ మేమియు లేదు.